సభలో చెల్లే మాట

బహిరంగ సభలో వక్త నోరు విప్పిన మొదటి నిమిషంలోనే శ్రోతలు ఒక లెక్కకు వస్తారు. ఈయన మనతో మాట్లాడుతున్నాడా, మన ముందు మాట్లాడుతున్నాడా అన్నదే ఆ లెక్క. అది ఒకసారి తేడా కొడితే విషయం ఎంత గొప్పదైనా, గొంతు ఎంత ఖంగుమన్నా సభను మళ్లీ దారికి తెచ్చుకోవడం కష్టం. వెనక వరుసల్లో ముచ్చట్లు మొదలవుతాయి, పల్లీల బండి చుట్టూ జనం చేరతారు. లెక్క కుదిరితే ఎండలో నిలబడ్డవాళ్లు కూడా కదలరు.

ఇందులో భాషదే పెద్ద వాటా. ఏ భాషలో మాట్లాడుతున్నాడు, అందులో ఏ యాస, జనాన్ని ఏ వరుస పెట్టి పిలుస్తున్నాడు, ఎక్కడ ఆగుతున్నాడు, ఏ మాటను జనం నోటికి వదిలేస్తున్నాడు అన్నవన్నీ కలిస్తేనే ఉపన్యాసం. వీటిని గమనించడానికి సంగారెడ్డి జిల్లా జిన్నారం, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం మంచి చోటు. ఉర్దూ మాటలు కలిసిన మెదక్ తెలుగు, కోస్తా నుంచి కొలువులకు వచ్చినవాళ్ల తెలుగు, బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మికుల హిందీ ఇక్కడ ఒకే చాయ్ హోటల్ ముందు వినిపిస్తాయి. ఇలాంటి చోట మైకు పట్టుకున్న మనిషికి మొదటి చిక్కు ఏం మాట్లాడాలన్నది కాదు, ఎవరి భాషలో మాట్లాడాలన్నది.

ఈ చిక్కు కొత్తది కాదు. తెలంగాణ ప్రజా జీవితంలో ఒక పెద్ద మలుపు దీనితోనే మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మహర్షి ధొండో కేశవ కర్వే అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సాఫీగా సాగిపోయాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గేలి మొదలైంది, ఆయన్ని మాట్లాడనివ్వలేదు. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగే. అయినా రాజభాష ఉర్దూ, చదువుకున్నవాళ్ల వేదికలపై మరాఠీకి, ఇంగ్లీషుకు గౌరవం, తెలుగేమో ఇంట్లో మాట్లాడుకునేది. అక్కడ చేరినవాళ్లంతా సంస్కర్తలే కావడం ఈ ఉదంతంలో చేదు నిజం. సమాజాన్ని మార్చాలనుకున్నవాళ్లకు కూడా పక్కవాడి భాష సభకు తగినదిగా అనిపించలేదు.

అవమానపడ్డ తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు వంటివారు దాన్ని ఊరూరా నిలబెట్టారు. గ్రంథాలయాలు, పాఠశాలలు, పత్రికలు పెరిగాయి. సంఘం పెరిగి పెరిగి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ అయ్యింది. ఆ మహాసభ మొట్టమొదటి సమావేశం 1930 మార్చిలో జరిగింది ఎక్కడో కాదు, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో. అధ్యక్షులు గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టరాదని గస్తీ నిశాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అమల్లో ఉన్న రోజులవి. అలాంటి కాలంలో ఒక చిన్న పట్టణంలో మైకులు కూడా సరిగా లేని పందిట్లో వందల మంది కూర్చుని తమ భాషలో ఉపన్యాసాలు విన్నారు. ఏ వక్త ఎంత బాగా మాట్లాడారన్నది ఆ తర్వాతి సంగతి. తమ మాట సభలో చెల్లిందన్నదే ఆనాటి శ్రోతలకు అందిన మొదటి సందేశం.

గెలిచిన భాష మరొకరి భాషను తోసేయవచ్చా అన్న ప్రశ్న కూడా వెంటనే వచ్చింది. మహాసభలో తెలుగులోనే మాట్లాడాలా, తెలంగాణలో ఉంటున్న ఇతర భాషలవాళ్లకూ చోటివ్వాలా అని చాలాకాలం వాదనలు నడిచాయి. 1937 నిజామాబాద్ సభకు అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రిక నడిపినవారు. తొమ్మిది దశాబ్దాల తర్వాత పటాన్‌చెరు కార్ఖానా గేటు ముందు కూడా ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతూనే ఉంది.

వరుస కలిపే పిలుపు

భాష తేలాక వచ్చేది పిలుపు. ‘సభకు విచ్చేసిన పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారాలు’ అన్నది అన్ని సభలకూ పనికొస్తుంది. పనికిరానిదల్లా ఎవరినైనా కదిలించడానికే. తెలుగు పల్లెల్లో పేరుతో కన్నా వరుసతో పిలవడం ఎక్కువ. రక్తసంబంధం లేకపోయినా, కులం వేరైనా అన్న, అక్క, మామ, బావ, చిన్నమ్మ, పెద్దనాయన వరుసలు ఊరంతా అల్లుకుని ఉంటాయి. మెదక్ పల్లెల్లో ముసలవ్వ ముక్కూమొహం తెలియని కుర్రాణ్ణి కూడా ‘బిడ్డా’ అంటుంది. తెలివైన వక్త ఈ అల్లికలోకి దూరతాడు.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్ల నుంచి పాదయాత్ర మొదలుపెట్టినప్పటి నుంచీ అక్కయ్యా, చెల్లెమ్మా, అన్నయ్యా, తమ్ముడూ అని ఒక్కొక్కరినీ వేరువేరుగా పలకరించడం ఆయన ముద్ర అయిపోయింది. ఇందులో కిటుకు ఏకవచనంలో ఉంది. ‘అక్కలారా’ అంటే గుంపుకు చెప్పిన నమస్కారం. ‘అక్కయ్యా’ అంటే వేల మందిలో ఉన్న ఒక్కావిడకు చెప్పినట్టు. ఆ ఒక్కావిడ తానే అనుకునే అవకాశం అక్కడున్న ఆడవాళ్లందరికీ ఉంది. చెయ్యి ఊపే తీరు, అడుగుల వేగం, పిలుపుల మధ్య వదిలే ఖాళీ కూడా ఆ భ్రమకు సాయం చేసేవి.

అంతకు ఇరవై ఏళ్ల ముందు ఎన్.టి. రామారావు ‘ఆడపడుచులు’ అన్న మాటను వేదికెక్కించారు. ఆడపడుచు అంటే పెళ్లై వెళ్లిపోయినా పుట్టింటి మీద హక్కు వదులుకోని కూతురు. ఆ పిలుపులో ఒక బాధ్యత దాగి ఉంది, పుట్టింటివాళ్లు పెట్టాల్సినవి ఉంటాయి. అలా పిలిచిన ప్రభుత్వమే 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. వేదిక మీది పిలుపు చట్టం దాకా వెళ్లిన సందర్భాలు మన రాజకీయాల్లో ఎక్కువ కనబడవు, అందుకే ఇది చెప్పుకోదగ్గది.

తెలుగు వ్యాకరణం వక్తల చేతికి ఇంకో పనిముట్టు ఇచ్చింది. ఇంగ్లీషులో, హిందీలో ఒకే మాటతో సరిపెట్టుకునే చోట తెలుగులో ‘మనం’, ‘మేము’ అని రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ‘మేము మీ ఊరికి రోడ్డు వేయిస్తున్నాం’ అన్న అధికారి దాతగా మిగిలిపోతాడు. ‘మన రోడ్డు ఎప్పుడు పడుతదో అడుగుదాం’ అన్న సర్పంచి జనంలో మనిషి అవుతాడు. సభలో ఒక్క వాక్యంలో ‘మేము’ నుంచి ‘మనం’లోకి జారడం అనుభవమున్న వక్తలు తెలిసే చేస్తారు. తెలంగాణ ఉద్యమానికి ఊపిరి పోసిన ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ నినాదంలో మూడు మాటలూ ఒకే అక్షరంతో మొదలవుతాయని అందరికీ తెలుసు. ప్రతి మాటకూ ముందు పలికీ పలకని ‘మన’ ఒకటి ఉందన్నది అంతగా గమనించరు. ‘మన’ అన్నప్పుడల్లా ఒక గీత కూడా పడుతుంది. గీతకు అవతల ఎవరున్నారన్నది వక్త నీతిని బట్టి ఉంటుంది. జనాన్ని కలిపే నేర్పుతోనే జనాన్ని విడగొట్టవచ్చు.

కథ చెప్పినవాళ్ల దగ్గర నేర్చుకున్నది

తెలుగు వక్తలకు గురువులు గ్రీసు, రోముల్లో లేరు, ఊరి రచ్చబండ దగ్గరే ఉన్నారు. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ చెప్పేవాళ్లు మైకు లేని రోజుల్లో తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టారు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు హరికథను శాస్త్రం స్థాయికి తీసుకెళ్లారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, చదువుకు నోచుకోని దళిత వాడల్లో చైతన్యం కలిగించడానికి హరికథలనే వాడుకున్నారు. ఉపన్యాసమంటే పారిపోయేవాళ్లు కూడా కథంటే కూర్చుంటారని ఆయన కనిపెట్టారు.

హరిదాసు కథ మధ్యలో ఆపి పిట్టకథ చెబుతాడు. పెద్ద కథకు అది అడ్డం వచ్చినట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి అది శ్రోతకు ఊపిరి తీసుకునే సందు. కునుకు పట్టబోతున్నవాడు నవ్వు విని లేస్తాడు. ఇప్పటి రాజకీయ సభల్లో పనికొచ్చే పిట్టకథ లేని ఉపన్యాసం అరుదు. అసలు ఉపన్యాసం మరిచిపోయి పిట్టకథ ఒక్కటే ఇంటికి మోసుకెళ్లే శ్రోతలు ఎక్కువ. దాన్ని ఎలా ముగించాలో తెలియక నాన్చే వక్తలూ తక్కువేం లేరు.

బుర్రకథలో ఇంకా లోతైన పాఠం ఉంది. ముగ్గురు మనుషులు. నడుమ కథకుడు తంబురా పట్టుకుంటాడు. చెరో పక్కన డక్కీలతో వంతలు. వాళ్లలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు ఒక మాట అనగానే వంత అందుకుని ‘అదెట్లా?’ అంటాడు, ‘అట్లా ఎందుకు జరిగింది?’ అని నిలదీస్తాడు. కింద కూర్చున్న రైతు మనసులో ఉన్న ప్రశ్న అదే. తన ప్రశ్న వేదిక మీద నుంచే వినబడేసరికి అతను సగం కథలో పాత్ర అయిపోతాడు. ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని 1940లలో ఉద్యమానికి వాడుకుంది. గుంటూరు జిల్లా షేక్ నాజర్ దాన్ని శిఖరానికి చేర్చారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. తెలంగాణలో ఒగ్గు కథకుడి పక్కన కూడా మాట అందించేవాడు ఉంటాడు. వేదికపై ఒక్కడే ఉండే రాజకీయ వక్తకు ఈ వంతలు లేరు. అందుకే జనాన్నే వంతగా చేసుకుంటాడు: ‘అవునా, కాదా?’, ‘ఏమంటరు?’, ‘మరి ఎవలు తిన్నరు?’ అని అడిగి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటాడు.

సామెత దీనికి బాగా పనికొచ్చే సాధనం. చెయ్యని పనికి ముందే పేర్లు పెట్టుకునేవాళ్లను ఎగతాళి చేయాల్సి వస్తే వక్త ‘ఆలు లేదు, చూలు లేదు’ అని ఆగుతాడు. మిగతాది ‘కొడుకు పేరు సోమలింగం’ అని జనమే పూర్తి చేస్తారు. ఆ విమర్శ ఇక వక్తది కాదు, సభది. మొత్తం సామెత తానే చెప్పేసిన వక్తకు ఈ ఫలితం దక్కదు. చదువు రాని శ్రోత కూడా పూర్తి చేయగలిగిన మాటను ఎంచుకోవడం, సరైన చోట నోరు మూసుకోవడం, రెండూ కావాలి. రెండోది మొదటిదాని కన్నా కష్టం.

ఇదే సంగతి సముద్రాల అవతల కూడా కనిపిస్తుంది. అమెరికా నల్లజాతి చర్చిల్లో బోధకుడు ఒక మాట అంటే జనం బదులు పలకడం సంప్రదాయం. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన కాగితం చదువుతుండగా వెనక నుంచి గాయని మహాలియా జాక్సన్ కల గురించి చెప్పమని కేక వేసినట్టు అక్కడున్నవాళ్లు చెప్పారు. కింగ్ కాగితం పక్కన పెట్టి చెప్పిన భాగమే లోకానికి గుర్తుండిపోయింది. బుర్రకథ తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. వంత సరైన సమయంలో అందుకుంది, అంతే.

మెదక్ నేల నుంచి వచ్చిన గద్దర్ ఈ విద్యను అందరికన్నా ముందుకు తీసుకెళ్లారు. 1949లో జిన్నారానికి అంత దూరం కాని తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు జననాట్యమండలి గాయకుడిగా ఊరూరా తిరిగారు. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. గొంగడి, చేతికర్ర, కాలి గజ్జెలు చూసి ఆయన్ని పాటగాడనుకుంటారు. ఆయన ప్రదర్శన దగ్గర నుంచి గమనిస్తే సగం మాటే. పాటలో ఒక చరణం ఎత్తుకుంటారు. సగంలో ఆపేస్తారు. డప్పు ఆగుతుంది. ముందు వరుసలో కూర్చున్న ఎవరో తల్లి వైపు తిరిగి, మామూలు గొంతుతో, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు నాలుగు మాటలు మాట్లాడతారు. ఆ మాటల్లో ఆమె కష్టం ఉంటుంది, ఊరి దొర ఉంటాడు, తాగే నీళ్లుంటాయి. సభ నిశ్శబ్దమయ్యాక వదిలేసిన చరణాన్ని అక్కడి నుంచే అందుకుంటారు, డప్పు మోగుతుంది, కోరస్ లేస్తుంది. మొదటిసారి పాటగా విన్న పంక్తిని జనం రెండోసారి తమ కథగా వింటారు. తర్వాత తెలంగాణ ఉద్యమంలో పుట్టిన ధూంధాం సభలు ఈ మాట–పాట కలగలుపు మీదే నడిచాయి.

యాస, గౌరవం

జనం భాషలో మాట్లాడితే చాలు, జనం కరిగిపోతారన్నది పైపై సూత్రం. అదే నిజమైతే 1982 మార్చి 29న పార్టీ పెట్టి, చైతన్యరథం ఎక్కి, తొమ్మిది నెలలకు అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు విజయం అర్థం కాదు. ఆయన వేదికపై మాట్లాడిన తెలుగు ఏ జిల్లాలోనూ ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు. పొడుగు సమాసాలు, నాటక ఫక్కీ, ఒత్తి పలికే సంస్కృత పదాలు. అయినా శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా జనం దాన్ని పరాయి భాష అనుకోలేదు. మూడు దశాబ్దాలుగా టూరింగ్ టాకీసుల్లో రాముడి నోట, కృష్ణుడి నోట విన్న తెలుగు అది. ప్రతి ఊరికీ పరిచయమైన గొంతు. ఇంట్లో మాట్లాడనిది కూడా ఇంటిదే కావచ్చునని ఆయన ఉపన్యాసాలు చూపించాయి. ఆయన్ని అనుకరించిన చిన్న నాయకులు నవ్వులపాలయ్యారు. వాళ్ల వెనక ఆ సినిమాలు లేవు మరి.

తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస చాలాకాలం రౌడీలకు, హాస్య పాత్రలకు పరిమితమైంది. ఆ బరువును మోసిన యాస 2001లో వేదిక మధ్యకు వచ్చింది. ఏప్రిల్ 27న పార్టీ పెట్టి, మే 17న కరీంనగర్ సింహగర్జన సభతో జనం ముందుకు వెళ్లిన కె. చంద్రశేఖర రావుది ఉమ్మడి మెదక్ జిల్లాలోని చింతమడక. ఉస్మానియాలో తెలుగు సాహిత్యం ఎం.ఏ. చేశారు. ఈ రెండూ ఆయన ఉపన్యాసంలో పక్కపక్కనే వినబడతాయి. పల్లె సామెత, ఉర్దూ మాట, ఆ వెంటనే ప్రబంధంలో పద్యం, మళ్లీ నిఖార్సయిన మెదక్ యాసలో చురక. ఒక్క యాసే అయితే అది ఆప్యాయత దగ్గర ఆగిపోయేది. పద్యమూ యాసా ఒకే నోట వినబడేసరికి, ఈ భాషలో చదువు లేదన్న పాత అపవాదుకు జవాబు దొరికింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి ఇచ్చిన జవాబు లాంటిదే ఇదీ, కాకపోతే అచ్చులో కాకుండా మైకులో. చంద్రశేఖర రావు రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు, ఆయన నోటి దురుసును తప్పుపట్టినవాళ్లు కూడా ఈ నేర్పును ఒప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29, తెలంగాణలో కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబరు 9 భాషా దినోత్సవాలుగా జరుగుతున్నాయి. నోటి మాటకు రాతలోనూ సభలోనూ చోటుండాలని వాదించినవాళ్లే ఇద్దరూ.

రాని యాసను అరువు తెచ్చుకోవడం మాత్రం ప్రమాదం. బయటి ఊరి నుంచి వచ్చిన వక్త ‘ఎట్లున్నరు, మంచిగున్నరా’ అని మొదలుపెడితే మొదటిసారి చప్పట్లు పడతాయి. మూడో వాక్యంలో క్రియ తప్పు పడగానే చప్పట్లు నవ్వులవుతాయి. తమ యాసను వెక్కిరిస్తున్నాడేమోనన్న అనుమానం వచ్చిందా, ఆ సభ పోయినట్టే. తన యాసలోనే నిదానంగా మాట్లాడి, ఊరి పేర్లు, చెరువు పేరు, వాగు పేరు తప్పు లేకుండా పలికిన పరాయి మనిషికి దక్కే మర్యాద ఎక్కువ.

ఇద్దరు మాట్లాడే ఉపన్యాసం

వక్త భాష శ్రోతలకు రాకపోతే మధ్యలో అనువాదకులు నిలబడాలి. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆయన హిందీని తెలుగు చేయాల్సింది కొండా వెంకటప్పయ్య. పన్నెండేళ్ల దుర్గాబాయి మహిళల సభలో అనువదించిన తీరు చూసి, బహిరంగ సభలోనూ ఆ పిల్లే చెప్పాలని గాంధీజీ కోరారు. తర్వాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలైన దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ ఆమే. పెద్దమనిషి అనువాదంలో తప్పులుండవు, కానీ ఆ పిల్ల గొంతులో ఇంటి మాట ఉండి ఉంటుంది. అక్కడ చేరిన ఆడవాళ్లకు కావలసింది అదే.

జిన్నారం చుట్టుపక్కల వాళ్లకు ఇలాంటి సభలు 1980 తర్వాత బాగా పరిచయం. ఆ ఏడాది ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు, రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. ఉర్దూ పాలన నాటి వాసన పోని ఈ జిల్లాలో హిందీ ఉపన్యాసం పెద్దవాళ్లకు సగం అనువాదం లేకుండానే అందేది. అనువాదకులు ఉన్నప్పుడు ఇంకో లాభముంది, ఒక్కో మాట రెండుసార్లు వినబడుతుంది. మంచి వక్త ఒక్కో వాక్యం చెప్పి ఆగుతాడు. చెడ్డ వక్త పది వాక్యాలు ఏకబిగిన చెప్పేస్తే అనువాదకుడు వాటిని రెండుగా కుదిస్తాడు. మిగతా ఎనిమిది ఏమయ్యాయని సభ గుసగుసలాడుతుంది.

కార్ఖానా గేటు, సంగం రేడియో, కలెక్టర్ సభ

పటాన్‌చెరు ప్రాంతంలో రోజూ జరిగే ఉపన్యాసాలకు పందిళ్లు ఉండవు. యూనియన్‌వాళ్ల గేట్ మీటింగ్ షిఫ్టు మారేటప్పుడు జరుగుతుంది. లోపలికి పోయేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు ఆగేది పది నిమిషాలు. పక్కన కంపెనీ బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. ఇక్కడ పిట్టకథకు వ్యవధి లేదు. మొదటి వాక్యం తెలుగులో, దాని సారం వెంటనే హిందీలో. రెండు భాషలవాళ్లనూ కలిపేవి పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్, ఓటీ, కాంట్రాక్టర్ అన్న మాటలు. ఏ రాష్ట్రం నుంచి వచ్చిన కార్మికుడికైనా ఇవే మాటలు. ఓటీకి రెట్టింపు వేతనం ఇవ్వాలన్న చట్టాన్ని సెక్షన్ నంబరుతో చదివితే ఎవరి తలకూ ఎక్కదు. ‘స్లిప్పుల ఓటీ గంటలు చూసుకున్నరా? స్లిప్ మే ఓటీ దేఖా క్యా?’ అంటే చేతులు జేబుల్లోకి పోతాయి. చివర్లో ఇచ్చే నినాదం అందరికీ వచ్చే ఇంక్విలాబే.

ఇదే జిల్లాలో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియోది మరో దారి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు నడిపే ఈ 90.4 ఎఫ్ఎం కేంద్రంలో మైకు ముందు గొంతు మార్చుకోవడమనేది లేదు. కొర్రలు, సాయిజొన్నలు, విత్తనాలు దాచే తీరు, పండుగ పాటలు అన్నీ చేను గట్టు మీద మాట్లాడుకునే తెలుగులోనే. ‘రేడియో భాష’ అని ఒకటి వేరే ఉండాలన్న అలవాటును చదువు పెద్దగా లేని ఆ ఆడవాళ్లు పట్టించుకోలేదు. అంతకన్నా పెద్ద ఉపన్యాస పాఠం విశ్వవిద్యాలయాల్లో కూడా దొరకదు.

ఇక ఈ ప్రాంతంలో మాటకు ప్రాణం విలువ ఉన్న సభ ఒకటుంది, పరిశ్రమల పర్యావరణ అనుమతుల కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి చుట్టూ మందులు, రసాయనాల కార్ఖానాలు వచ్చాక నక్కవాగు నీళ్లు ఏమయ్యాయో ఈ ఊళ్లకు తెలుసు. కాలుష్యంపై వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారంను చేర్చింది. ఇలాంటి చోట కొత్త కార్ఖానా గురించి జరిగే సభలో రెండు భాషలు ఎదురెదురు పడతాయి. కంపెనీ తరఫు నిపుణుడు టీడీఎస్, సీఓడీ, జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అని తెర మీద పట్టికలు చూపిస్తాడు. ఊరి మనిషి లేచి, బోరు నీళ్లు పసుపుపచ్చగా వస్తున్నాయని, తెల్లవారుజామున వాసనకు తలుపులు వేసుకుంటున్నామని, వాగులో తాగిన గొర్లు చచ్చాయని అంటాడు. ఇద్దరూ మాట్లాడేది ఒకే నీళ్ల గురించి. అయినా ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడదు.

ఈ సభల్లో నెగ్గుకొచ్చే ఊరి వక్తలు చేసే పని లెక్కను ఇంటి కొలతలోకి దించడం. నివేదికలో రోజుకు 50 కిలోలీటర్ల వ్యర్థజలం అని ఉందనుకుంటే అది చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కిలోలీటరంటే వెయ్యి లీటర్లు, 50 అంటే 50,000 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. ‘రోజూ పది ట్యాంకర్లు ఎటు పోతయో చెప్పుండ్రి’ అన్న ప్రశ్నకు పట్టిక చాలదు, జవాబు కావాలి. రెండో పని తేదీ, సర్వే నంబరు, బోరు ఉన్న చోటు చెప్పడం. ‘అంతా నాశనమైంది’ అన్న మాట చప్పట్లు తెస్తుంది కానీ మినిట్స్‌లో ఒక పంక్తికి మించి చోటు సంపాదించదు. ‘ఫలానా తేదీన, ఫలానా బోరులో’ అన్నది రికార్డుకు ఎక్కుతుంది, దానికి కంపెనీ లిఖితంగా బదులు చెప్పాల్సి వస్తుంది. ఆవేశం సభను కదిలిస్తుంది, వివరం ఫైలును కదిలిస్తుంది. ఊళ్లు ఈ రెండోదానికి ఇంకా చాలినంత మందిని తయారు చేసుకోలేదు.

చట్టం మాత్రం భాష సంగతి మరిచిపోలేదు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు వేయించాలి. సభకు కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. ఇంతమంది వస్తేనే సభ అన్న కోరం లేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి, అంతా వీడియో తీయాలి. ముగించే ముందు జనం చెప్పిందంతా రాసిన సారాంశాన్ని స్థానిక భాషలో చదివి, వివరించి, అప్పుడు సంతకాలు చేయాలి.

చాలా సభల్లో ఈ చదివే వేళకు కుర్చీలు సగం ఖాళీ అయి ఉంటాయి. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లేవాళ్లు ఆ చివరి పావుగంట కూర్చోవాలి, తాము చెప్పిన మాట అందులో ఉందో లేదో చెవులారా వినాలి, లేకపోతే అక్కడే లేచి రాయించాలి.